సుదర్శనం సామి పరస్తానం సంచి

వద్దు పాపా, ఆ సంచి మా ఇంట్లో పెట్టొద్దు. తీసకపో. ఏమనుకోబాకు లోహితా, నీ మీద కోపం కాదు. కొత్త సంవత్సరానికి నెలకొక ఊరు సూడాలని రాసుకున్న్యావంటే బాగుండాది, పోయిరా, వయసులో ఉండావు. మైసూరు పోతావో మనాలి పోతావో నీ ఇష్టం. అయితే మీ నాయనమ్మ నిర్మలమ్మ ఉండాదే, ఆయమ్మ మాట పట్టుకోని, రైలు ఆదివారం, మంచి గడియ ఈపొద్దే ఉండాదని పక్కింటికి పరస్తానం తెచ్చేసినావు సూడు, అదే నాకు గిట్టలా. పరస్తానమంటే తెల్సా నీకు? మంచి గడియలో మనిషి కదిలే దానికి వీల్లేకపోతే, పోయే దిక్కులో ఉండే ఇంట్లో ఆ మనిషి గుడ్డా చెంబూ ముందు పెట్టేది. పెట్టినారంటే ఆ మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆనక ఐదు రోజుల్లో పోయి తీరాల. ఒకరింట్లో పెట్టినాక ఆ సంచి పయనం చేయకుండా మళ్లీ సొంతింటి గడప తొక్కకూడదు. మీ నాయనమ్మ ఇంత దూరం చెప్పలేదు గదా. చెప్పదు. ఆయమ్మకి తెలీదు. నాకు తెల్సు. కూర్చో, ఆ సంచి బయట అరుగు మీద పెట్టేసొచ్చి కూర్చో.

సుదర్శనం సామి అని నాకొక జతగాడు ఉండినాడు. అలిపిరి దోవలో ఒక సత్రం, ఆడ గదులిచ్చే కౌంటర్లో మేమిద్దరం గుమాస్తాలం. పక్కపక్క కుర్చీలు, ఇరవై రెండేండ్లు. ఆయన ఇల్లూ ఈ వీధే, నాలుగిండ్ల అవతల, ఇప్పుడు బ్యూటీ పార్లరు ఉండాది చూడు, అదే. వైష్ణవులు, వాళ్ల నాయన గుళ్లో పారాయణం చేస్తా ఉండినాడు. సామి తెల్లగా ఉండేవాడు, ఎండ తగలని తెలుపు. ఆయనకి ఒకటే పిచ్చి. గది కోసం ఎవురొచ్చినా, "ఏ ఊరండీ మీది? ఊళ్లో నది ఉందా? నీళ్లు ఏ రంగులో ఉంటాయి?" అని పట్టుకునేది. ఎనకాల క్యూలో జనం అరస్తా ఉంటారు, సామీ, ముందు తాళంచెవి ఇయ్యి సామీ అని. దేశంలో ఉండే ఊళ్లన్నీ ఆయన నోట్లో ఉండాయి, కాళ్లు మాత్రం రేణిగుంట దాటలా. సముద్రమే సూళ్లా పాపా. ఈడి నించి మూడు గంటలు పోతే పులికాట్, ఆడికి కూడా పోలా. డిసెంబరు వచ్చిందంటే కొత్త డైరీ మొదటి పేజీలో రాస్తాడు, "ఈ సంవత్సరము తప్పక ప్రయాణము చేయవలెను" అని. ఆనక వైకుంఠ ఏకాదశి అంటారు, బ్రహ్మోత్సవాలంటారు, జనం వచ్చి పడతారు, సెలవు లేదు, సంవత్సరం అయిపోతాది. నేను ఎగతాళి చేసినాను శానా సార్లు. ఇప్పుడు తలుచుకుంటే నోరు నొక్కుకోవాలనిపిస్తాది.

యాభై రెండు వచ్చినాయి ఆయనకి. ఆ డిసెంబర్లో, "మునికృష్ణా, వచ్చే సంవత్సరం పోకపోతే ఇంక నేను పోనట్టేనోయ్" అన్నాడు. పులికాట్, రామేశ్వరం, పూరీ, కాశీ, ఇట్ట వరసగా రాసినాడు. జనవరిలో గడియ చూసుకున్నాడు. దయానంద్ సారని మాకు పై ఆఫీసరు, సెలవు నాలుగు రోజుల తర్వాత ఇస్తానన్నాడు. ఏముండాది, పరస్తానం పెడితే సరిపోయ. పొద్దున్నే వచ్చి మా ఇంట్లో పచ్చ రెక్సిన్ సంచి పెట్టినాడు. పంచె, తువ్వాలు, చెంబు, పేపర్లో చుట్టిన కొత్త చెప్పులు, అంతే. అటక మీద పెట్టినాను. ఆ నాలుగు రోజులు కాస్తా ఏకాదశి రద్దీలో కొట్టుకపోయ. సెలవు లేదన్నారు. అప్పుడన్నా సంచి ఇప్పేసి, దేవుడికి నైవేద్యం పెట్టి తప్పు సెప్పుకోని ఉంటే పోయేది. "ఉండనీలేవోయ్, మంచి ముహూర్తం, సంచి ముందు వెళ్లింది, వెనకే నేనూ వెళ్తాను" అని నవ్వినాడు. ఎవురన్నా చేసే తప్పేనా అది? పెద్దోళ్లింట్లో పుట్టి, శాస్త్రం తెల్సినోడు.

ఫిబ్రవరిలో ఒకామె వచ్చింది కౌంటరు దగ్గరికి. భారతమ్మ, పులికాట్ కాడ చేపలు పట్టేవోళ్ల పల్లె. కొంగులో నించి తువ్వాలు తీసి, "సామీ, మా ఇంటి ముందర నీళ్లు తాగి ఇది మరిసిపోతివే. పడవ దిగినాక గుర్తొచ్చె, నువ్వు ఈడ పని చేస్తావని చెప్పినావు గదా" అనింది. సామి నవ్వినాడు. నేనూ నవ్వినాను. ఆమె తువ్వాలు బల్ల మీద పెట్టింది. అంచుకి మా వీధి చాకలి నల్లసిరాతో వేసే గుర్తు, రెండు చుక్కలు ఒక గీత. అది సామి ఇంటి గుర్తు. సాయంత్రం వచ్చి అటక మీద సంచి దించినాం. జిప్పు వేసింది వేసినట్టే ఉండాది. తువ్వాలు లేదు. పేపరు ఇప్పితే చెప్పులు, కొత్తవి పాపా, మడమల కాడ అరిగిపోయి ఉండాయి. సందుల్లో ఉప్పు తెల్లగా పేరుకోని ఉండాది. నేను చేతిలో చెప్పు కింద పడేసినాను. ఆయన మాత్రం ఆ ఉప్పు ఏలికి అంటించుకోని నాలికన పెట్టుకున్నాడు.

ఆనక రామేశ్వరం పోయొచ్చినోళ్లు, "గుళ్లో కనపడి పలకరించకుండా పోయినావేం సామీ" అన్నారు. ఎండాకాలం పూరీ నించి వచ్చినోళ్లు, ఒడ్డున కూర్చోని ఉంటే చూసినామన్నారు. ఇంత నల్లబడిపోయినావేమని ఆడ అడిగినోళ్లు, ఈడ ఈ తెల్లని మనిషిని చూసి బిత్తరపోయినారు. ఆయన ఒక్క దినం ఆఫీసు మానలా, రిజిస్టర్లో సంతకాలుండాయి, పక్క కుర్చీలో నేనుండాను. మొదట్లో భయపడతాడనుకుంటి. భయం కాదు పాపా, ఏడుపు. కౌంటర్లో తల దించుకోని, "నేను చూడాల్సిన ఊళ్లన్నీ వాడు చూసేస్తున్నాడోయ్. నాకు ఒక్క కాశీ మిగిలింది" అన్నాడు. యాత్రికుల్ని ఊళ్ల గురించి అడగడం మానేసినాడు. తాళంచెవి ఇస్తాడు, సంతకం పెట్టిచ్చుకుంటాడు, అంతే.  ఒకరోజు, "రేపు సెలవిచ్చినా ఇవ్వకపోయినా వెళ్తాను, వాడి కంటే ముందు చేరతాను. పొద్దున్నే సంచి తీసుకుంటాను" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన భార్య కల్యాణవల్లి వచ్చింది. "అన్నయ్యా, సంచి ఇవ్వకండి. వెళ్తే తిరిగి రారు ఆయన. నాకెవరున్నారు?" అని గడప పట్టుకోని ఏడిస్తే ఏం చెయ్యమంటావు నన్ను? పొద్దున ఆయన వస్తే, సంచి బీరువాలో పెట్టినా, తాళంచెవి కనపళ్లా, మధ్యాన్నం ఇస్తానని అబద్ధం చెప్పి ఆఫీసుకి పంపించినాను. ఒంట్లో బాగలేదని నేను ఉండిపోయినాను. పన్నెండు గంటలకి ఆ సంచి సంకన పెట్టుకోని పోయి, వాళ్లింటి గడప దాటించి లోపల పెట్టేసినాను. పయనం ఆగిపోతాదనుకుంటి. ఆగింది. మూడు గంటలకి సామి ఇంటికొచ్చినాడు. నల్లగా మాడిపోయి, గడ్డం పెరిగి, కాళ్లు పగిలి. కల్యాణవల్లి కాళ్లకి నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, నిద్రపోయినాడు. సాయంత్రం నేను పోయినాను. లేచి కూర్చోని, మర్యాదగా, "ఎవరండీ తమరు?" అన్నాడు.

ఆఫీసులో ఏమన్నారంటే, పన్నెండున్నరకి సామి బల్ల మీద సెలవు చీటీ పెట్టి, ఉత్త చేతుల్తో టేషనుకి పోయినాడంట. మా అటెండరు రైలెక్కిచ్చి వచ్చినాడు. మనసు మార్చుకోని రేణిగుంటలో దిగి వచ్చేసినాడులే అన్నారు అందరూ. నేనూ సరే అన్నాను, అనకుండా ఎట్టుంటాను. పన్నెండేండ్లు బతికినాడు ఇంట్లో మనిషి. మంచోడే. కల్యాణవల్లికి ఊళ్ల కతలు చెప్తా ఉండినాడు, ఆమె వింటా ఉండింది. ఆయనేనా అని నేను అడగలా, ఆమె చెప్పలా. కన్ను మూసే ముందు దినం మాత్రం నన్ను పిలిపించినాడు. నేను అడగనే లేదు పాపా. ఆయనే చెప్పినాడు. "కాశీ దారిలో ఉండగా నన్నెవరో వెనక్కి లాగారండి. కానీ ఆ తర్వాత కాశీ నుంచి వచ్చిన వాళ్లంతా ఒకటే మాట. తెల్లగా, చేతిలో సంచి లేకుండా ఒకాయన ఘాట్ల దగ్గర నిలబడి, నాలాంటి మనిషి ఈ దారిన వెళ్లాడా అని అందర్నీ అడుగుతున్నాడట. పాపం, ఆయనకి ఎవరైనా చెప్తే బాగుండు."

పోయిన కార్తీకంలో మన చివరింటి కోమలి కాశీ పోయొచ్చె. ఆయమ్మకి సామి ఎవురో తెలీదు, కాపరానికొచ్చి నాలుగేండ్లే. ఎవురో ముసలాయన తిరుపతి వాళ్లా అని అడిగినాడా అన్న్యాను. ముసలాయన కాదు మామా, యాభై ఏండ్లుంటాయి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో పెన్ను, అనింది. మాది తిరుపతే అని చెప్తే, "మునికృష్ణ అని మా వీధిలో, నా సంచి ఆయన దగ్గరే ఉంది, మధ్యాహ్నం ఇస్తానన్నాడు, ఇచ్చాడేమో కనుక్కుంటారా?" అన్నాడంట.

పాలు పొంగతా ఉన్నట్టుండాయి, పోయి స్టవ్ ఆపు పాపా.