మూడు అంగుళాలు పైకి

కాదురా బావమరిదీ, నిజం దాచాలనుకున్నవాడు కొలతలు అంత సరిగ్గా తీసుకుంటాడా? ఆపాటి ఇంగితం లేకపోయిందేం నీకు?

కూర్చో. ఆ ఆస్పత్రి స్టూలు వద్దు, దాని కాలొకటి పొట్టి. అర అంగుళం తేడా ఉంటుంది. తూనికలూ కొలతల శాఖలో ముప్పై ఒక్కేళ్ళు చేసినవాణ్ణి, చూస్తే తెలిసిపోతుంది. నీ కొట్లో టేపు సాగిపోయిందని కత్తిరించి పారేసింది నేనే కదా. మూడు నెలలు మొహం చాటేశావు. సరే, నేను చెప్పొచ్చేది అది కాదు.

మొన్న మీ అక్క రెండు ప్యాంట్లు తెచ్చింది, నువ్వు కుట్టినవి. నడుం పట్టీ మూడు అంగుళాలు పైకి పోయి బొడ్డు దాటేసింది. ఎలాస్టిక్ ఒకటి, లోపల మెత్తటి గుడ్డ. "మీ తమ్ముడికి చూపు మందగించిందా, నన్ను సర్కస్‌లో చేర్పిస్తున్నాడా?" అన్నాను. నవ్వింది. నవ్వి, కిటికీ తెర సరిచేసింది. తెర సరిగ్గానే ఉంది.

ఇవాళ పొద్దున నర్సమ్మ పెన్ను పట్టుకొచ్చింది. కూర్చోమంది, వంగమంది, ఆ ప్యాంటు వేసుకుని చూపించమంది. బొడ్డుకి ఎడమపక్క ఇంటూ గుర్తు పెట్టి, పట్టీ ఇలా పట్టుకు చూసి, "ఎవరు కుట్టారు తాతగారూ? సంచికి ఎక్కడా ఒత్తుకోదు. బాగా తెలిసినవాళ్ళే" అంది.

ఏ సంచి అన్నాను.

పాపం, ఆ పిల్ల మొహం పాలిపోయింది. డాక్టర్ని పిలుచుకొచ్చింది.

కడుపులో గడ్డ తియ్యాలన్నది నాకు తెలుసు. కానీ ఎప్పుడో అపెండిక్స్ పగిలినప్పుడు చేసిన ఆపరేషన్ వల్ల, పొత్తికడుపులో పేగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయట. వానకి తడిసి ఆరిన కాగితాల కట్టలాగా. విడదీస్తుంటే చిరగొచ్చు. అప్పుడు పేగు కొస పొట్టమీదికి తెచ్చి సంచి తగిలిస్తారు. మూడు నెలలు కావచ్చు, పోయేదాకా కావచ్చు, కోసి చూస్తేగానీ తెలీదు. "మీ వాళ్ళకి పది రోజుల కిందటే చెప్పాం కదండీ" అన్నాడాయన.

పది రోజులు. పది రోజులు మీ అక్క నా పక్కన కూర్చుని గళ్ళనుడికట్టు నింపింది. అమ్మాయి ఫోన్లో "చిన్న ఆపరేషనే నాన్నా" అంది. నువ్వు టేపు తీసుకుని గుడ్డ కత్తిరించావు. దొడ్డికి పోయే దారి మారుస్తారట, నా ఒంట్లో సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసు.

ఏంటీ? మీ అక్క ఒట్టేయించుకుందా? నేను వద్దంటానని భయపడిందా?

అవును, అన్నాను. మా ఆఫీసు గుమాస్తాకి ఆ సంచి పెట్టినప్పుడు, అలా బతికేకంటే పోవడం నయం అన్నాను. అన్నం తింటూ అన్నాను. ఆయన తరవాత పదకొండేళ్ళు బతికాడు, మనవరాలి పెళ్ళిలో వడ్డించాడు కూడా. పక్కవాడి పొట్ట గురించి నోటికొచ్చింది అనొచ్చురా. దాన్ని పట్టుకుని నన్ను అడక్కుండానే తీర్పు రాసేస్తారా?

నాలుగింటికి కాగితం మీద సంతకం కావాలిట. నేను పెట్టకపోతే రేపు ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే గడ్డ ఊరుకోదు. అదీ సంగతి.

నిన్ను కడిగేద్దామనే పిలిపించాను. పొద్దుట్నించీ మాటలు కూర్చుకున్నాను కూడా. కానీ నోరు తెరిస్తే మీ నాన్న గుర్తొస్తున్నాడు.

మామగారి కాలు తీసేసిన రోజు నువ్వు ఊళ్ళో లేవు. లోపలికి తీసుకెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, "అల్లుడూ, నువ్వు చదువుకున్నవాడివి, చెప్పు. ఎంతవరకు తీస్తారు?" అన్నాడు. బొటనవేలొకటే అన్నాను. మోకాలి కింద దాకా అని నాకు తెలుసు. సంతకం పెట్టిందే నేను. లోపల చూశాక డాక్టర్లు అప్పటికప్పుడు అనుకున్నారని మీ అందరికీ చెప్పాను. ఇన్నేళ్ళూ అదే చెప్పాను.

అలా చూడకు. ఇంకా ఉంది.

చూపు ఆనని మనిషి కదా, రోజూ పేపరు నా చేతే చదివించుకునేవాడు. ఇంటికొచ్చాక మరి ఒక్కరోజు కూడా నా చేతికివ్వలేదు. నీకిచ్చేవాడు. నువ్వు ముక్కీ మూలిగీ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే ఓపిగ్గా వినేవాడు. నాన్నకి నేనంటే ప్రేమ పెరిగింది బావా అని మురిసిపోయావు. నేను అవునన్నాను. ఇంకేమనను? నేను చదివితే అందులో ఉన్నదే చదువుతానని ఆయనకి నమ్మకం పోయిందిరా.

నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సరే, ఆ కాగితం ఇలా తియ్యి. పెడతాను, పెట్టక ఎక్కడికి పోతాను? కళ్ళజోడు మీ అక్క సంచీలో ఉండిపోయింది. నువ్వే చదువు, మొదట్నించీ. పేగు బయటికి తెస్తారన్న చోట గొంతు తగ్గించకు.