నీలం తలుపు

"చంపింది ఆ తెల్లబూట్ల కంట్రాక్టరే. ఇంకెవరూ కాదు. ఆ ముక్కే రాశాను. కింద నువ్వు వేలిముద్ర వెయ్యి డ్రైవరన్నా, చాలు."

"మొత్తం చదువు తమ్ముడూ. నా దగ్గర కళ్ళజోడు లేదు."

"ఉంటే మాత్రం నీకు చదువొచ్చా?"

"రాదు. జోడుంటే కాస్త ధైర్యం, అంతే."

ఆరేళ్ళుగా వేస్తూనే ఉన్న రోడ్డు పక్కన పంచర్ల కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. మిట్టమధ్యాహ్నం. తెల్లారితే విచారణ. కొట్టు ఆసామికి ఈ ఒక్క వేలిముద్ర పడితే చాలు. పాత రోలర్ డ్రైవరు దాన్ని పిడికిట్లో దాచుకుని కూర్చున్నాడు.

"సరే విను. 'అయ్యా, మా ఇంటి ముందు రోడ్డు ఆరేళ్ళ నించి పూర్తి కాలేదు. నాలుగుసార్లు తారు వేశారు, నాలుగుసార్లూ మొదటి వానకే లేచిపోయింది.'"

"మూడుసార్లే."

"నాలుగు. నేను ఇక్కడే కూర్చుని చూశాను."

"నాలుగోసారి పోసింది తారు కాదు తమ్ముడూ. కంకర మీద నల్లనీళ్ళు చల్లాం. నేను రోలర్ ఎక్కిస్తే అది కింద అణగలేదు. చక్రానికి అంటుకుని నాతోనే ఊరేగింది."

"మరి పరీక్షలకి వచ్చేవాళ్ళు రోడ్డుకి కన్నంపెట్టి ముక్క తీసి చూస్తారుగా?"

"తీస్తారు. ఎక్కడ తీస్తారో ముందురోజే సున్నంతో చుక్క పెట్టి పోతారు. మేం ఆ చుక్కల దగ్గర జానెడు మందం పోసేవాళ్ళం. మిగతాదంతా గోరుమందం. ఇప్పుడు చూడు, రోడ్డంతా పోయింది, ఆ చుక్కలు మాత్రం దిబ్బల్లా మిగిలాయి."

"మా బావమరిది బండి మీద వాటిని తప్పించుకుంటూ వచ్చేవాడు. వంకరటింకరగా. తాగాడేమో అనుకునేవాళ్ళు చూసినోళ్ళు."

"పాపం."

"పాపం అని ఊరుకుంటే ఎట్లా? విను. 'పదకొండు నెలల కిందట, పైపులు వేస్తామని చెప్పి పొద్దున్న రోడ్డుకి అడ్డంగా నిలువెత్తు గుంత తవ్వారు. సాయంత్రం పనివాళ్ళు వెళ్ళిపోయారు. గుంత ముందు ఏ అడ్డూ, ఏ గుర్తూ పెట్టలేదు. ఆ రాత్రి నా భార్య తమ్ముడు...'"

"అక్కడ ఆపు."

"మళ్ళీ ఏమొచ్చింది?"

"అడ్డు పెట్టాను."

"మళ్ళీ మొదటికొచ్చావు."

"పెట్టాననే నా గుర్తు. రెండు డ్రమ్ములు. తారు అయిపోయినవి. బయట సున్నం కొట్టి, రోలర్‌కి పూయగా మిగిలిన ఎర్రరంగుతో ఒక్కోదాని మీద బాణం వేశాను, ఇటు తిరగండని. కుంచె లేకపోతే గోనెగుడ్డతో వేశాను. మొదటిది వంకరగా వచ్చింది. తోక దగ్గర రంగు కారి మూడు పాయలైంది."

"కలగన్నావు."

"రోజూ కంటున్నాను. అదేగా నా బాధ. కళ్ళు మూస్తే చాలు, డ్రమ్ములు దొర్లించుకుంటూ గుంత దగ్గరికి పోతాను. నిలబెడతాను. పది అడుగులు నడిచి వెనక్కి తిరిగి చూస్తే ఉండవు. మళ్ళీ దొర్లిస్తాను. పదకొండు నెలల్లో ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. అసలు ఆ రోజు పెట్టానో లేదో ఇప్పుడు నాకే తెలియడం లేదు."

"పెట్టలేదు."

"మా ఆవిడ కూడా అదే అంటోంది. ఆ రోజు నీకు ఒళ్ళు కాలిపోతోంది, ఏదో భ్రమపడి ఉంటావు అంటుంది."

"ఆవిడ మాట వినొచ్చుగా ఒక్కసారైనా."

"వింటే రేపు తెల్లబూట్లాయన ఏమంటాడో తెలుసా? అడ్డు పెట్టమని డ్రైవర్‌కి చెప్పాను, వాడే పెట్టలేదు అంటాడు. ఇప్పటికే అన్నాడు. పనిలోంచి తీసేసింది అందుకేగా."

"అననీ. జనం నమ్మాలిగా."

"నీకేం, అననీ అంటావు. లోపలికి పోయేది నేను."

"నిన్నెవరు పంపుతారన్నా? పోయేది వాడు."

"వాడా? ఆరేళ్ళు తారు మధ్యలో తిరిగాడు. వాడి బూట్లకి ఒక్క మరక అంటగా చూశావా నువ్వు? చూడలేదుగా. అంటుకునేది మనకే."

కొట్టు ఆసామి భార్య గ్లాసుతో బయటికొచ్చింది.

"అన్నయ్యా, మంచినీళ్ళు తీసుకో. ఈయన మాటల్లో పడితే గొంతెండిపోతుంది. గంట నించి చూస్తున్నా, మనిషికి ఒక గ్లాసు నీళ్ళిమ్మని కూడా కేకెయ్యలేదు."

"నువ్వు లోపలికి పోవే. ఇక్కడ పని జరుగుతోంది."

"నా తమ్ముడి గురించేగా జరుగుతోంది. ఉంటాను."

"ఉండనీ తమ్ముడూ. చెల్లెమ్మా, నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రాత్రి గుంత దగ్గరికి ముందు పరిగెత్తింది నువ్వే అన్నారు. అక్కడ డ్రమ్ములేమైనా ఉన్నాయా? పడిపోయి గానీ, పక్కకి దొర్లి గానీ?"

"లేవన్నయ్యా."

"సరిగా చూశావా? చీకటి కదా."

"వాడి బండి దీపం వెలుగుతూనే ఉంది, గుంతలోంచి పైకి. ఆ వెలుగులో అంతా కనపడింది. ఏమీ లేవు. ఉంటే వాడు ఆగేవాడు కాదూ."

"ఆగేవాడు. అవునమ్మా. ఆగేవాడు."

"విన్నావుగా అన్నా? ఇంక వెయ్యి."

"వేస్తాలే తమ్ముడూ. వేస్తాను. పెట్టలేదన్నమాట. ఇన్నాళ్ళూ ఎటూ తేలక చచ్చాను. చెల్లెమ్మా, ఆ కాగితంలో రాసింది తప్పు. నీ తమ్ముణ్ణి చంపింది తెల్లబూట్లాయన కాదు. నేనే."

"అట్లా అనకన్నయ్యా. నువ్వు కావాలని చేశావా?"

"కావాలని ఎవరు చేస్తారమ్మా? ఏదీ, ఆ సిరా డబ్బా ఇలా ఇవ్వు."

"చేతులు చూడు ఎట్లా ఉన్నాయో. చెమటా, మట్టీ. ముద్ర పడ్డా అలుక్కుపోతుంది. ముందు కడుక్కో అన్నయ్యా."

"ఇదిగో, ఇక్కడ తొట్టిలో ముంచు అన్నా."

"ట్యూబులు ముంచే బురదనీళ్ళతోనా? పెరట్లోకి వెళ్ళన్నయ్యా. ఎడంపక్క నీలం తలుపు, స్నానాలగది. సబ్బు గూట్లో ఉంది."

"వద్దు. ఆ తలుపు సరిగా పడదు."

"బాగానే పడుతుంది. ఎండకి అంచుల్లోంచి తారు కారుతుంది, చొక్కాకి తగలకుండా చూసుకో అన్నయ్యా, అంతే. గొళ్ళెం కాస్త గట్టిగా లాగాలి."

"నేను చెంబుతో నీళ్ళు తెచ్చిస్తాను, ఆయన్ని కూర్చోనీ."

"కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయి తమ్ముడూ. వెళ్ళొస్తాను."

డ్రైవరు పెరట్లోకి వెళ్ళాడు. గొళ్ళెం చప్పుడైంది. కొట్టు ఆసామి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"నీకెందుకే ఊరికే ఊళ్ళోవాళ్ళందరినీ లోపలికి తోలడం?"

"ఊళ్ళోవాళ్ళా? పాపం, ఆ మనిషి ముఖం చూశావా? సగమైపోయాడు. నీకు ఆ తలుపంటే అంత ప్రాణమేంటి? మూడుసార్లు రంగు వేశావు."

"తుప్పు పట్టకుండా."

"ఎన్నిసార్లు వేసినా లోపలివైపు తడికి ఊడిపోతూనే ఉంది. పోయిన వారం అక్కడొక చేప తేలింది."

"ఏం తేలింది?"

"చేప. ఎర్రది. నీలం ఊడిన చోట. తలకాయ మొనదేలి ఉంది, తోక మూడు పాయలు. నీళ్ళు పోసుకుంటుంటే నన్నే చూస్తున్నట్టుంటుంది."

"అది తుప్పు."

"తుప్పుకి తోకుంటుందా?"

"ఉంటుంది. సాయంత్రం నాలుగోపూత వేస్తాను."

"ఉష్. విను."

"ఏంటి?"

"ఈల."

"గాలి. తలుపుకి మేకులు కొట్టిన కన్నాల్లోంచి వస్తుంది. ట్యూబు ముక్కలు అంటించి అన్నీ మూశాను, ఒకటేదో మిగిలినట్టుంది."

"వాడు మలుపు తిరగ్గానే ఇట్లాగే వేసేవాడు. అక్కా, అన్నం పెట్టు అన్నట్టు. ఒక్కోసారి ఇప్పటికీ పళ్ళెం తీస్తాను, తెలుసా? తీసి మళ్ళీ బోర్లిస్తాను."

"ఊరుకో."

"నువ్వు వినపడనట్టు ఉంటావు. నీకూ వినపడుతుంది. వినపడకపోతే ఆ కన్నాలన్నీ ఎందుకు మూశావు?"

"ఊరుకోమన్నానా."

"సరే. ఆ కాగితంలో వాడు ఎందుకు బయటికెళ్ళాడో రాశావా? రేపు అడుగుతారు."

"అదంతా అనవసరం."

"అనవసరమేంటి? పనీపాటా లేక తిరుగుతూ పడ్డాడనుకోరూ? బావ పని మీదే వెళ్ళాడని రాయి. తలుపు బందులు కొనుక్కురమ్మని పంపామని రాయి. వాడి జేబులోంచి తీసి పోలీసులు నా చేతికిచ్చారు ఆ పొట్లం. కాగితం కూడా విప్పలేదు. అవే కదా నువ్వు బిగించావు."

"కొత్తవి ఎందుకు పారేయాలి?"

"నేను పారేయమనలేదు. రాయమంటున్నాను."

"ఆయనొస్తున్నాడు. నువ్వు మాట్లాడకు."

"కడుక్కున్నావా అన్నయ్యా? అదేంటి, అరచేతికి ఆ నీలం? రంగు అంటిందా?"

"గీకాను చెల్లెమ్మా."

"ఏం గీకావు?"

"తలుపు. కొంచెం ఊడి ఉంటే, మిగతాది గోటితో గీకి చూశాను. ఆ తలుపు ఎవరు చేశారు?"

"ఈయనే. పాత ఇనుము కొట్లో రేకులు తెచ్చి, కొట్టి సాపుచేసి చేశాడు. ఒకటి తలుపుకి, ఒకటి పక్క అడ్డుకి."

"రెండన్నమాట."

"రెండు."

"రెండు. రెండోదాని మీద కూడా ఉంటుంది, గీకితే. దాని తోక ఇంత కారలేదు. రెండోది కాస్త కుదురుగా వచ్చింది."

"ఎండ దెబ్బ తగిలినట్టుంది ఆయనకి. అన్నా, ఇట్లా కూర్చో. ఇదిగో సిరా."

"పెట్టాను తమ్ముడూ."

"ముద్ర వెయ్యి ముందు."

"పెట్టాను. నా చేతుల్తో నేనే పెట్టాను. జ్వరం కాదు, భ్రమ కాదు. గోనెగుడ్డతో వేశాను, మూడు పాయలు కారింది, అట్లాగే ఉంది."

"అన్నయ్యా, ఏడుస్తున్నావెందుకు?"

"ఏడవడం లేదమ్మా. బరువు దిగింది. పదకొండు నెలలు రోలరు నా గుండె మీద నిలబెట్టి ఎవరో తాళంచెవి పట్టుకుపోయారు. ఇప్పుడు దిగింది."

"డ్రైవరన్నా, నా మాట విను. రేపు నేను ఏం చెప్పాలో..."

"నీ ఇష్టం. నన్ను అడిగితే నేనొకటే చెప్తాను, పెట్టానని. ఆ డ్రమ్ములు ఏమయ్యాయని అడుగుతారు. ఆ మాటకి నన్ను చూడకు. వెళ్ళొస్తాను చెల్లెమ్మా. ఇంటికెళ్ళి పడుకోవాలి. నిద్రపోయి చాలా రోజులైంది."

డ్రైవరు ఇంకా పూడ్చని గుంత చుట్టూ తిరిగి, అవతలి గట్టెక్కి, కనపడకుండా పోయాడు. కాగితం మీద ముద్ర పడాల్సిన చోటు తెల్లగానే ఉంది.

"ఏమయ్యా."

"ఆయన మాటలు పట్టించుకోకు. ముసలితనం."

"ఏమయ్యా, ఇటు చూడు. వాణ్ణి బందులకి పంపింది ఎప్పుడు?"

"గుర్తులేదు."

"నాకు గుర్తుంది. పొద్దుగూకుతుంటే. ఇంకా దీపం పెట్టలేదు. గుంత పక్కనించి జాగ్రత్తగా వెళ్ళరా అంటే, డ్రమ్ములు పెట్టారులే అక్కా, కనపడుతున్నాయి అన్నాడు. అప్పుడు నేను సరిగా వినలేదు. బావిలో గిలక మీద నీళ్ళు తోడుకుంటున్నాను."

"అట్లా అనలేదు."

"అన్నాడు. ఇప్పుడు వినపడుతోంది. వాడు వెళ్ళేటప్పుడు మన స్నానాలగదికి గోనెపట్టా ఉంది. తలుపు లేదు. రేకు లేదు. ఏదీ లేదు. లేని తలుపుకి బందులెందుకయ్యా తెమ్మన్నావు?"

"రోడ్డు కింద మనది రెండుంపావు సెంటు పోయింది."

"నేను అడిగింది అది కాదు."

"ప్రహరీ కొట్టేశారు. స్నానాలగది కొట్టేశారు. నెల తిరక్కుండా కట్టిస్తామన్నాడు తెల్లబూట్లోడు. అయిదేళ్ళు గోనెపట్టా చాటున నీళ్ళు పోసుకున్నావు నువ్వు. లారీలు ఆపి మరీ చూసేవాళ్ళు. నేను ఈ బల్ల మీద కూర్చుని పంచర్లు వేస్తూ అన్నీ చూశాను."

"నేను అడిగింది అది కాదయ్యా."

"తెల్లబూట్లోడివి ఒక రెండు డ్రమ్ములే కదా అనుకున్నాను. తెల్లారితే ఇంకో రెండు పెట్టుకుంటారులే అనుకున్నాను. పెరట్లోకి దొర్లించి, మీద టైర్లు పడేశాను. చేతులు కడుక్కుంటుంటే చప్పుడైంది."

"వాడు డ్రమ్ములు కనపడేదాకా ఆగకుండా వచ్చి ఉంటాడు. వెళ్ళేటప్పుడు చూశాడుగా. అవి కనపడితే తిరగాలనుకుని, వాటి కోసం చూసుకుంటూ వచ్చి ఉంటాడు. చెప్పవయ్యా."

"రెండుంపావు సెంటు. కొలిచి, రాళ్ళు పాతి మరీ తీసుకున్నారు. మనకి పోయింది రెండుంపావు సెంటు."