చిన్ని పేజీ

కంటి ఆసుపత్రి. గదిలో మంచం మీద ఆమె, రెండు కళ్ళకూ కట్టు. గుమ్మం బయట ఆమె భర్త, తమ్ముడు.

"బావా, ఇవాళైనా అక్కకి చెప్తావా లేదా?"

"హుష్! మెల్లగా."

"చిన్ని పోయి ఎనిమిది రోజులైంది. ఎన్నాళ్ళు దాస్తావు?"

"పదకొండింటికి కట్టు విప్పుతారు. అప్పటిదాకానేరా. ఏడిస్తే కళ్ళు దక్కవన్నాడు డాక్టరు. ఉన్న ఒక్క కూతురూ లారీ కింద పడి పోయె. కళ్ళు కూడా పోగొట్టమంటావా?"

"మరి రోజూ పేపర్లో అది రాసే సినిమా కబుర్ల పేజీ చదివి వినిపిస్తున్నావట?"

"నేనే కల్పించి చదువుతున్నా."

"నువ్వా! సినిమా హాలు మొహం చూసి ఇరవయ్యేళ్ళైంది నీకు."

"ఏవో తంటాలు పడుతున్నాలే. నువ్వెళ్ళి మందులు పట్రా."

"ఏమండీ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మీ తమ్ముడోయ్. మందులకెళ్ళాడు."

"చిన్ని ఇవాళ కూడా ఫోన్ చెయ్యలేదా?"

"పొరుగూళ్ళో పని తెమల్లేదట. తీరిక లేదు పాపం. పేజీ మాత్రం పంపింది. చదవనా?"

"చదవండి."

"పొడుగు హీరో, ఆయన భార్య మళ్ళీ కలిసిపోయారు. మొన్న క్లబ్బులో ఇద్దరూ ఒకే గ్లాసులో నిమ్మరసం తాగారు."

"క్లబ్బుకెళ్ళి నిమ్మరసమా?"

"అలాగే రాసిందే మరి!"

"సర్లెండి. తర్వాత?"

"డాన్సు హాలు పక్కింటివాళ్ళు గోల భరించలేక కేసు పెట్టారుగా? వాళ్ళే వచ్చి డాన్సు చేశారట."

"బాగుంది. ప్రపంచం సంగతులో?"

"సరిహద్దు తెరిచారు. విడిపోయిన అక్కచెల్లెళ్ళు ముప్ఫయ్యేళ్ళకి కలుసుకున్నారు."

"వారం నుంచీ వింటున్నా. ఒక్క కాపురం కూలదు, ఒక్క బాంబు పడదు. మన చిన్ని అలా వదిలిపెట్టే రకమా? ఆ హీరోని ఉతికి ఆరేసేది కదూ?"

"మెత్తబడిందేమోలే."

"మీ గొంతేంటి, అలా ఉంది?"

"జలుబు."

"ఎనిమిది రోజులనుంచా?"

"ఆఁ... ఎనిమిది రోజులే."

"రెండోరోజు యుద్ధం ఆగిపోయిందని చదివారు గుర్తుందా? అప్పుడే పక్కగదిలో రేడియో మోగుతోంది. అదే యుద్ధంలో ఇంకో ఊరు తగలబడిందని."

"అంటే... నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలండీ? చిన్ని మంచం పట్టినా తన పేజీ ఇంకొకరి చేత రాయించదు. మీరు రాయాల్సొచ్చిందంటే ఇంకేముంది?"

"అయ్యో... ఏడవకే! నీకు దణ్ణం పెడతా, నీ కళ్ళు..."

"ఏడవట్లేదు. వారం నుంచీ పళ్ళు బిగబట్టుకునే ఉన్నా. మీరు పేపరు మడవకండి."

"ఇంకా ఏం చదవనే?"

"ఏదైనా సరే. కట్టు విప్పడానికి ఇంకో గంటుందిగా? ఆ గంటైనా దాన్ని బతకనివ్వండి."