ఫోటోలో పడని పచ్చ

ధర్మవరంలో పొద్దున్నే, మగ్గం దిగిన పట్టుచీరను మంచంమీద పరిచి భర్త ఫోన్‌తో ఫోటోలు తీస్తుంటే ఆమె తొంగిచూసింది.

“ఏమయ్యా, పచ్చ యాడికి పాయ? ఉత్త ఎరుపే కనపడతాండాది. చీర కొనే బెంగళూరామె ఎరుపు చీరనుకుంటాది.”

“ఎన్నిసార్లు తీసినా ఇంతే.”

“పడుగు ఎరుపు, పేక పచ్చ. మడతలు పడితేనే రెండూ తేలేది.”

“నాకు తెలుసులే. ఫోనుకు తెలియాల కదా. నువ్వు భుజాన వేసుకో.”

“అమ్మే చీరనా? ఇన్నేండ్లు నేసినాం, ఒక్కటీ నా భుజమెక్కలేదు.”

“ఈపొద్దు ఎక్కనీ. వాకిట్లో వెలుతురుకు నిలబడు.”

ఆమె కొంగు సర్దుకుని, ఎందుకో జుట్టు కూడా సర్దుకుంది. ఫోన్ టిక్కుమంది.

“రెండు రంగులూ పడినాయా?”

“నిన్ను చూస్తాంటి, చీర చూడలేదే. కదలకుండా ఉండు, మళ్ళీ తీస్తా.”