పేపర్లో పారిన కుళాయి

నాంచారికి పేపరంటే ప్రాణం. వేమలగుంటలో పేపరు పట్టుకుని చదివే ఆడపిల్ల అదొక్కతే అనుకో. ఇంటరు పాసయింది, పంతొమ్మిదేళ్ళు. ఆ ఊళ్ళో ఆడోళ్ళంతా పొద్దున్నే మిరపకాయల కొట్టంలో కూర్చుని తొడిమలు తీస్తారు కదా, ఆ ఘాటుకి తుమ్ముకుంటా, ముక్కులు తుడుచుకుంటా, మరి పొద్దు పోవద్దూ? అందుకని నాంచారిని మధ్యలో పీటేసి కూర్చోబెట్టి, "నువ్వు కాయ ముట్టుకోబాకే అమ్మాయ్, నీ వాటా మేం తలా గుప్పెడు తీసిపెడతాం, నువ్వు పేపరు చదువు" అనేవోళ్ళంట. అది గొంతెత్తి చదివేది. వానలు చదివేది, దొంగతనాలు చదివేది, నాయకులు ఒకర్నొకరు తిట్టుకునేది చదివేది. ఫలానా నాయకుడు ఫలానాది ఇస్తానన్నాడంటే, ఇచ్చేసినంత సంబరంగా చదివేది. ఎవరన్నా నిజమేనంటావా అన్నారో, మూతి ముడిచేది. "అచ్చేశారు కదత్తా! అబద్ధాన్ని పనిగట్టుకుని అచ్చేస్తారా ఎవరన్నా?" అనేది. అదీ నిజమేలే అని వీళ్ళూ ఊరుకునేవోళ్ళు. మీరైనా ఊరుకుంటారు, కాదూ?

అట్లా ఉండంగా ఒకరోజు ఏమైందంటే, పేపరు తిప్పంగానే వాళ్ళ ఊరి పేరే కనపడిందంట. నాంచారి ఎగిరి లేచి నిలబడింది. "మనూరు! మనూరు పడింది!" అని అరిచింది. అందరూ చేతులాపేశారు. అప్పుడు గొంతెత్తి చదివింది: "వేమలగుంటలో ఇంటింటికీ కుళాయి. నాయకుడు భుజంగరావు గారి చలవతో తీరిన దాహం. ఆనందంలో మహిళలు." కొట్టంలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకంటే ఆ ఊళ్ళో కుళాయన్నదే లేదు. మంచినీళ్ళు కావాలంటే మైలు దూరం, రామిరెడ్డి చేలో నీళ్ళు తోడే ఇంజను దగ్గరికి పోవాల, బిందె నెత్తిన పెట్టుకుని రావాల. ఆ పొద్దున కూడా పోయొచ్చిన మెడలే అక్కడున్నయ్యన్నీ. "ఎవరింటికొచ్చిందే?" అనింది మస్తానమ్మ. ఈ మస్తానమ్మ నాంచారికి మేనత్త, నోరున్న మనిషి. నాంచారి అయినా పేపర్ని వదల్లేదు చూడు, "మన బజారుకి రాలేదేమో అత్తా, పడమటి బజారుకి వచ్చుంటది" అని, పేపరు పట్టుకుని అప్పటికప్పుడు పడమటి బజారుకి పోయింది. వాళ్ళేమో, మాకేడొచ్చింది తల్లీ, కొత్తిళ్ళకాడ వచ్చిందేమో అన్నారు. కొత్తిళ్ళోళ్ళు, మీ తూర్పు బజారుకి వచ్చిందేమోలే, మీరు పెద్దింటోళ్ళు కదా అన్నారంట. ఊరంతా తిరిగి, చెమటలు కారతా మళ్ళీ కొట్టంలోకే వచ్చి పడింది.

ఇంతలో మస్తానమ్మ పేపర్ని ముక్కు దగ్గర పెట్టుకుని బొమ్మ చూస్తా ఉంది. నవ్వుతా బిందెలెత్తుకుని నిలబడ్డ ఆడోళ్ళ బొమ్మ. చూసి చూసి, "ఇదిగో, ఈ ముందున్నది నేనే కదే!" అనిందంట. అందరూ మీదపడి చూశారు. మస్తానమ్మే! ముందు పన్ను సగం విరిగుంటది ఆమెకి, ఆ పన్నుతో సహా పడింది. "ఆ పక్కన కోటేశ్వరి, ఎనకాల మా తోడికోడలు. ఒసేయ్, ఇది పోలేరమ్మ కొలుపుల నాటి ఫోటోనే! బిందెలకి వేపమండలు చూడండే! అప్పుడు ఎవరో పిల్లకాయ కెమెరా పట్టుకొస్తే పళ్ళికిలించాం కదా!" ఇంక చూడు, కొట్టం కొట్టమంతా నవ్వులే. నవ్వలేక తుమ్ములు, తుమ్మలేక నవ్వులు. నాంచారి ఒక్కతే నవ్వలేదు. దానికి కావలసినోళ్ళెవరో మోసం చేసినట్టుంది. పాపం, ఎన్నేళ్ళు నమ్మింది! నిన్నటిదాకా చదివినయ్యన్నీ గుర్తొచ్చి, వాటిల్లో ఎన్నింట్లో ఇట్లాంటి బిందెలున్నాయో అనుకుంటా కూర్చుంది.

మర్నాడు బస్సెక్కి టౌనుకి పోయింది, పేపరాయన దగ్గరికి. పోయి, అయ్యా మీరు మా ఊరొచ్చి చూశారా అని అడిగింది. ఆయన మంచోడే అనుకో, కుర్చీ వేశాడు, టీ చెప్పాడు. "ముప్పై ఊళ్ళకి నేనొక్కణ్ణే తల్లీ. భుజంగరావు గారి ఆఫీసోళ్ళు రాసి పంపారు, వేశాం. అంత పెద్దమనిషి చెపితే ఉండదా?" అన్నాడు. సరే, వాళ్ళనే అడుగుదామని భుజంగరావు ఆఫీసుకి పోతే, అక్కడి గుమాస్తా ఏమన్నాడో తెలుసా? "కుళాయి ఎందుకు లేదమ్మా, పేపర్లో పడింది కదా, చూళ్ళేదా?" అన్నాడంట! ఇంక ఎవర్నడగాల?

బయటికొస్తా ఉంటే ఎదురుపార్టీ కేశవులు పట్టుకున్నాడు. రామ్మా, కూర్చోమ్మా, ఎంత అన్యాయం చేశారమ్మా, ఇదంతా మా పేపర్లో ఉతికి ఆరేస్తాం, నువ్వు చెప్పు అన్నాడు. హమ్మయ్య, నిజం వినే మనిషి దొరికాడు అనుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చింది నాంచారి. రెండోనాడు ఆ పేపర్లో ఏం పడిందంటే, "దాహం తాళలేక సొమ్మసిల్లిన విద్యార్థిని నాంచారి. ఆస్పత్రిలో విషమ పరిస్థితి" అని! మధ్యాన్నానికల్లా వాళ్ళ మేనమామ పొరుగూరి నించి డజను బత్తాయిలు పట్టుకుని, ఏడ్చుకుంటా వచ్చాడు. వచ్చేసరికి ఈమె అరుగు మీద కూర్చుని గోంగూర పచ్చడి కలుపుకుని తింటా ఉంది. "నువ్వు ఆస్పత్రిలో లేవా?" అన్నాడంట ఆయన. "లేను మామా, కూర్చో, ముద్ద తిందువు" అనింది. "మరి పేపర్లో..." అన్నాడు. "అదేలే మామా, నేనూ నిన్నమొన్నటిదాకా అదే మాట అనేదాన్ని" అని, అప్పుడు నవ్విందంట నాంచారి, మూడ్రోజుల తర్వాత మొదటిసారి. బత్తాయిలు మాత్రం కొట్టంలో అందరూ పంచుకుని తిన్నారు.

ఆ సొమ్మసిల్లిన కబురు భుజంగరావుకి తగిలింది. నా పరువు తీస్తారా, టీవీవోళ్ళని పిలవండి, ఆదివారం పోయి జనం ముందరే కుళాయి తిప్పి చూపిస్తా అన్నాడంట. ఆదివారం పొద్దున బడి ముందర షామియానా, తోరణాలు, మధ్యలో సిమెంటు దిమ్మ, దిమ్మకి మెరిసిపోయే కుళాయి. ఊరంతా, అబ్బ, వచ్చేసిందే అన్నారు. నాంచారికి మాత్రం ఇప్పుడు కంటితో చూసినా చాలట్లేదు, చేత్తో ముట్టుకోవాల. దిమ్మ చుట్టూ తిరిగితే, కొత్తగా తవ్వి కప్పెట్టిన మట్టి కనపడింది. ఆ మట్టి ఎంబడే పోతే, బడి గోడ ఎనకాల, పట్టా కప్పుకుని ఒక నీళ్ళ ట్యాంకరు. అరుద్దామా అనుకుంది. అరిస్తే ఈ పేపరోళ్ళు ఒకటి రాస్తారు, ఆ పేపరోళ్ళు ఇంకోటి రాస్తారు. అరవలేదు. పరిగెత్తుకుంటా పోయి మస్తానమ్మ చెవిలో చెప్పింది. మస్తానమ్మ చీరకొంగు బిగించి ఇంటింటికీ తిరిగింది. "కుళాయంట, నీళ్ళంట, బిందెలు తెచ్చుకోండే! బిందె లేనోళ్ళు డేగిసాలు తెచ్చుకోండి!" అని.

భుజంగరావు వచ్చాడు. టీవీవోళ్ళు లైవు పెట్టారు. కుళాయి తిప్పాడు, నీళ్ళు బుడబుడా వచ్చినయ్, చప్పట్లు. ఒక టీవీ అమ్మాయి నాంచారి ముందర మైకు పెట్టి, మీకెట్లా ఉందండీ అని అడిగింది. "మాకేం తక్కువండీ! పెద్దాయన చేత్తో ఇంటికో బిందె పట్టించుకుని పోతే చాలు" అనింది నాంచారి. కెమెరా ముందర ఎట్లా కాదంటాడు? నవ్వుతా పట్టాడు. పది బిందెలు పట్టాడు, దండలు తడిసినయ్. నలభై పట్టాడు, కండువా పిండాల్సొచ్చింది. లైను చూస్తే పడమటి బజారు దాటింది. నూరో బిందె దగ్గరో ఎక్కడో కుళాయి దగ్గింది, బుస్సుమంది, ఆగిపోయింది. "ఏం లేదమ్మా, గాలి పట్టింది" అన్నాడు. "అట్టాగేలే అయ్యా, మాకేం తొందర" అని మస్తానమ్మ బిందె బోర్లేసి దాని మీద కూర్చుంది. లైనంతా కూర్చుంది.  అప్పుడు గోడ ఎనకాల నించి డ్రైవరు, పాపం, లోకం తెలియనోడు, గట్టిగా కేకేశాడు: "అయ్యా! ట్యాంకరు ఖాళీ అయింది! ఇంకోటి తెమ్మంటారా?"

ఊరు నవ్వింది చూడు! ముసలోళ్ళు నవ్వారు, చంకల్లో పిల్లకాయలు నవ్వారు, టీవీ అమ్మాయి మైకు మూసుకుని నవ్వింది. భుజంగరావు ముందు ఎర్రబడ్డాడు, తర్వాత, ఏం చేస్తాడు, ఆయనకీ నవ్వాగలేదు. "తెమ్మను నాయనా" అన్నాడు. జనం వైపు తిరిగి, పైపులు పడేదాకా రోజూ ట్యాంకరు పంపిస్తా, త్వరలోనే పైపులు వేయిస్తా అన్నాడు. "త్వరలో అంటే ఎన్నో తారీకయ్యా?" అనింది నాంచారి. ఆయన కెమెరా వంక చూశాడు, నాంచారి వంక చూశాడు. "శ్రావణంలో మొదటి శుక్రవారం" అన్నాడు. ఆయన కారెక్కేలోగా నాంచారి బొగ్గు ముక్క తీసుకుని బడి గోడ మీద ఆ తారీకు రాసేసింది, దారినపోయే బస్సులోంచి కూడా కనపడేంత అక్షరాలతో. పంతులు గారు కూడా తుడవనివ్వలేదంట.

మొదటి శుక్రవారానికి కుళాయి రాలేదులే, అంత కథల్లో జరుగుద్ది. రోజూ ఎవరో ఒకరు భుజంగరావు ఆఫీసుకి ఫోను చేసి, గోడ మీద తారీకు దాటిందయ్యా అని గుర్తు చేస్తే, మూడో శుక్రవారానికి వచ్చింది. ముందు ఎర్రమట్టి నీళ్ళు, తర్వాత తేట నీళ్ళు. నాంచారి చెయ్యి పెట్టి, నీళ్ళు మోచేతి దాకా కారతా ఉంటే తీయలేదంట, వాళ్ళమ్మ చాల్లేవే అని కేకేసేదాకా. మర్నాడు ఒక పేపర్లో ఇదంతా భుజంగరావు దీక్ష అని పడింది, ఇంకో పేపర్లో కేశవులు పోరాటం అని పడింది. నాంచారి రెండూ కొట్టంలో గొంతెత్తి చదివింది. ఇప్పుడు మాత్రం ఒక్క వాక్యం కూడా సాగనివ్వరంట ఆడోళ్ళు. ఎవరు చూశారే అంటారు, ఆ బొమ్మ ఎప్పటిదే అంటారు. పేపరు అయ్యేసరికి బస్తా కాయలవుతున్నాయి, అంత హుషారు!

ఇదీ సంగతి. నూరు బిందెలని నేన్చెప్పా, మా ఆడబిడ్డ అరవయ్యే అంటది, కోటేశ్వరి నూట ఇరవై అని ఒట్టేస్తది. ఆ ఆదివారం నేనూ మా ఆడబిడ్డా చుట్టపుచూపుగా పోయాం, ముగ్గురం అక్కడే ఉన్నాం మరి. తేల్చుకోవాలంటే మీరే పోయి నాంచారిని అడగండి. పోయేటప్పుడు తీరిక చేసుకుని పోండి, ఆ పిల్ల జవాబు చెప్పదు, ముందు మిమ్మల్నే నాలుగు ప్రశ్నలడుగుద్ది.