ముగ్గురు మేనేజర్లు

ఆదివారం పొద్దున, చెల్లెలి గది. అక్క బ్యాంకులో ప్రోగ్రాములు రాస్తుంది. చెల్లెలు వాషింగ్ మెషీన్లతో పాటు వచ్చే వాడుక పుస్తకాలు అనువాదం చేస్తుంది. ఆ అనువాదాలు టైపు చేసుకునే ఎడిటర్ ప్రోగ్రాము ఆమె కంప్యూటర్లో అక్క పెట్టిచ్చిందే. పిలవకుండా అక్క ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

"ఊరికేనే వచ్చానే. ఇటు పనుండి వెళ్తుంటే మీ వీధి కనబడింది."

"ఆదివారం ఇటేం పనక్కా నీకు?"

"ఏదో ఒక పని. ఏం, రాకూడదా?"

"రాకూడదని ఎవరన్నారు? కూర్చో, కాఫీ పెడతాను."

"కాఫీ తర్వాత. ముందు ఆ కంప్యూటర్ ఇటు తిప్పు. నువ్వు ఫోన్ చేసి రెండు నెలలైంది. ఎడిటర్ తెరుచుకోవట్లేదక్కా, ఎర్ర అక్షరాలు వస్తున్నాయక్కా, రేపు పుస్తకం ఇవ్వాలక్కా అని ఏడవకుండా రెండు నెలలు. పాడై పడుందేమో, చెప్పడానికి మొహమాటపడుతున్నావేమో అని..."

"పాడవలేదు."

"పాడవకుండా ఎలా ఉంటుందే? నేను పెట్టిందది. నెలకోసారైనా పాడవ్వాలి."

"ఆ మాట నువ్వే అంటున్నావు."

"అంటే, అప్‌డేట్లు వస్తుంటాయి కదా, అవి వచ్చినప్పుడు... సరే, తెరువు. చూస్తాను. ఇదేంటి?"

"ఏంటి?"

"అప్పుడే తెరుచుకుందా?"

"తెరుచుకుంది."

"నేనింకా కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు."

"ఇప్పుడంతే."

"ఇదివరకు దీన్ని నొక్కి, నువ్వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చేదానివి."

"తాగి గ్లాసు కూడా కడిగేదాన్ని."

"వెటకారం ఆపు. సెట్టింగుల ఫైలేదీ? ఊఁ. మిగతాది ఏదే?"

"అంతే."

"అంతేనా? నేను రాసింది కిందికి లాగుతూ పోతే వేలు నొప్పెట్టేది. ఇది ఒక్క తెరలో అయిపోయిందేంటి? నా మేనేజర్లేరీ?"

"తీసేశాను."

"ముగ్గుర్నీ?"

"ముగ్గుర్నీ. ఏం చేశారక్కా వాళ్ళు? ఎడిటర్‌కి అదనంగా తగిలించిన ప్యాకేజీలు నలభై. వాటిని దించుకురావడానికి మేనేజరు అని ఒక ప్రోగ్రాము. ఆయనకి దొరకనివి తేవడానికి రెండో ఆయన. ఆ ఇద్దరూ కొట్టుకోకుండా చూడ్డానికి మూడో ఆయన. ఒక్క అప్‌డేట్ వచ్చిందంటే ముగ్గురూ ఒకరి మీద ఒకరు పితూరీలు చెప్పుకుంటూ కూచునేవారు, నా పని ఆగిపోయేది. ఎడిటర్‌తో పాటే వచ్చిన మేనేజరు ఒకడున్నాడు, మొదట్నించీ గోళ్ళు గిల్లుకుంటూ. వాడికే అప్పగించాను."

"వాడు చాలడు."

"చాలుతున్నాడు."

"నలభై ప్యాకేజీలకి వాడెక్కడ..."

"ఇప్పుడు ఆరే. స్పెల్లింగు చూసేదొకటి, పాత అనువాదాల్లో వెతికేదొకటి, బొమ్మల కింది నంబర్లకి రంగు వేసేదొకటి, ఇంకో మూడు. మిగతావి ఒక్కొక్కటే తీసి చూశాను. పనేదీ ఆగలేదు."

"వాతావరణం చూపించేది? అదీ తీసేశావా? నీకోసం ఎంత వెతికి పెట్టానో."

"కిటికీ ఉంది కదక్కా."

"ఎవరే?"

"ఎవరేంటి?"

"ఇది చేసిందెవరు?"

"నేనే."

"బుల్లీ, నా దగ్గరా? పోయినేడాది ఫైలు ఎక్కడ సేవ్ చేశావో తెలీక పూటంతా వెతికావు నువ్వు. చివరికి అది చెత్తబుట్టలో దొరికింది. నువ్వు ముగ్గురు మేనేజర్లని పీకేశావా?"

"నేనే అంటుంటే."

"మీ ఆఫీసులో బొమ్మలు సర్దే అతను. కొత్తగా చేరాడన్నావు. గడ్డం."

"ఆయన మాట ప్రింటరే వినదు."

"పై వాటాలో అమ్మాయి?"

"పళ్ళ డాక్టరు చదువుతోంది."

"అయితే? నేను రెండు నెలలు రాకపోయేసరికి ఎవరో ఒకరు దూరారు. ఏవో వ్యాఖ్యలు కూడా రాసిపెట్టాడు, చూడు. 'ఇది ఎందుకుందో తెలియదు. తీసేశాను. ఎవరూ ఏడవలేదు.' ఎంత పొగరు."

"అది నేనే రాశాను."

"ఇదిగో ఇంకోటి. 'ఇది అక్క పెట్టింది. పనికి సంబంధం లేదు. ఉంచాను.' ఏది? ఏది ఉంచావు?"

"మధ్యాహ్నం ఒంటిగంటకి 'తిన్నావా' అని అడుగుతుందే, అది."

"అదొక్కటీ మిగిల్చాడన్నమాట, జాలిపడి."

"అక్కా, మగాడని కూడా నువ్వే తేల్చేశావా?"

"సరే, నువ్వే అంటున్నావుగా. చెప్పు. ఒక ప్యాకేజీకి కొత్త వెర్షన్ వచ్చింది, మిగతావాటితో పడట్లేదు. ఏం చేస్తావు?"

"పాత వెర్షన్ దగ్గరే ఆపేస్తాను. ఇదిగో, ఇక్కడ ఒక్క వరస."

"ఊఁ. రేపు కొత్త కంప్యూటర్ కొన్నావు."

"ఈ ఒక్క ఫైలు అందులో వేస్తాను. తెరవగానే ఆ ఆరింటినీ అదే తెచ్చుకుంటుంది."

"అదే తెచ్చుకుంటుందా? పోయినసారి నీకు కొత్త కంప్యూటర్లోకి మార్చడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది."

"రెండో ఆదివారం నువ్వు రాత్రి భోజనానిక్కూడా ఉండిపోయావు."

"ఉండిపోక? పని మధ్యలో వదిలేసి ఎలా వెళ్తాను? బాగానే నేర్పాడు. చిలక్కి నేర్పినట్టు నేర్పాడు. నా కుర్చీలో కూచునే నేర్పుంటాడు. నువ్వు కాఫీ కూడా ఇచ్చుంటావు. నా నీలం గ్లాసులోనే ఇచ్చుంటావు."

"నీ గ్లాసు ఎవరికీ ఇవ్వలేదు. అలమారలో బోర్లించే ఉంది, వెళ్ళి చూసుకో."

"నాకేం అక్కర్లేదు."

"అక్కా, నీకు కుళ్ళుగా ఉందా?"

"ఉంది. ఉంటే ఏం? ఉండకూడదా? ఆదివారం వస్తే మీ బావ వార్తల ముందు కూచుంటాడు. పిల్లలు చెవులకి అవి తగిలించుకుంటారు. నేను ఇంట్లో ఉన్నానో లేదో కూడా ఎవరికీ పట్టదు. నేను లేకపోతే ఆగిపోయేది ఈ లోకంలో ఇదొక్కటే, నీ దిక్కుమాలిన ఎడిటర్. దాన్ని కూడా ఎవడో వచ్చి బాగుచేసి పోయాడు."

"అక్కా..."

"తాకకు. నాకేం కాలేదు. దుమ్ము పడింది కంట్లో. ఊడ్చుకోవేమే గది?"

"పొద్దున్నే ఊడ్చాను."

"నువ్వే చేశావు, ఒప్పుకున్నాను. కానీ ఇది నీ బుర్రలోంచి పుట్టింది కాదు. ముందు పేర్లన్నీ ఒకచోట, ఆ తర్వాత ఒక్కోదానికి రెండేసి వరసలు, ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు. ఇది చెయ్యి తిరిగినవాళ్ళ పద్ధతి. ఎవరిది చూసి రాశావో అది చెప్పు."

"బాగుందా?"

"బాగుంది. అదే కదా నా కడుపుమంట. పిచ్చి పిచ్చిగా ఉంటే తిట్టి పోయేదాన్ని. అచ్చం నేనే రాసుకున్నట్టుంది."

"చెప్తే కోప్పడతావు."

"కోప్పడను."

"బాధపడతావు."

"ఆ పని ఎలాగూ చేస్తున్నాను. చెప్పు."

"మొన్నామధ్య నీకు జ్వరమొచ్చింది."

"నా జ్వరానికీ దీనికీ ఏం సంబంధమే?"

"నేనొచ్చి నీ దగ్గర ఉన్నాను కదా. నువ్వు ఒళ్ళు తెలీకుండా పడుకున్నావు. నేనేమో ఆ సాయంత్రానికి పుస్తకం ఇచ్చెయ్యాలి. నీ కంప్యూటర్ వాడుకోమన్నావు. పాస్‌వర్డ్ కూడా చెప్పావు."

"చెప్పానా?"

"చెప్పావు. నీ కంప్యూటర్లో కూడా అదే ఎడిటర్ కదా, తెరిచాను. నాకు అలవాటు కదా, నొక్కేసి కాఫీ పెట్టుకుందామని లేచాను. లేచి నిలబడేలోగా తెరుచుకుంది."

"ఏదీ, ఇందాక కాఫీ అన్నావు."

"పెడతాను. ఇదేంటి ఇంత చురుగ్గా ఉంది అని, నీ సెట్టింగుల ఫైలు తీసి చూశాను."

"పంచదార తక్కువ వెయ్యి. ఈ మధ్య మానేస్తున్నాను."

"ఒక్క తెర. ప్యాకేజీలు ఏడో ఎనిమిదో. ముందు పేర్లన్నీ ఒకచోట. ఎడిటర్‌తో వచ్చిన మేనేజరు ఒక్కడే. అది చూసే రాశానక్కా. వరసకి వరస."

"బ్యాంకు పనికి అలా ఉండాలే. అక్కడి పద్ధతులు వేరు."

"అది నీ ఇంటి కంప్యూటర్."

"నీ గ్యాసు పొయ్యి ఇంకా పాతదేనా? అంటుకోవడానికి సతాయించేది."

"అక్కా. నీకు ఒక్కణ్ణి పెట్టుకుని, నాకు ముగ్గుర్ని ఎందుకు పెట్టావు?"

"అనువాదాలకి... అంటే, నీ పని ఎక్కువ కదా, అందుకని..."

"అక్కా."

"ఒక్కడైతే పాడవదు కదే."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"నీ జ్వరం దగ్గర్నించి."

"అందుకా ఫోన్ చెయ్యలేదు. కోపమొచ్చి."

"మొదట వచ్చింది. వారం రోజులు నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. నెల నెలా ఎర్ర అక్షరాలు చూసి నేను వణికి చచ్చేదాన్ని, తెలుసా? నాకేం చేతకాదనుకునేదాన్ని."

"తిట్టు. ఇప్పుడు తిట్టు, ఎదురుగానే ఉన్నాను."

"ఇప్పుడు రావట్లేదు. ఆ తర్వాత ఆదివారాలు వచ్చాయి. పాడవకపోయినా నువ్వు వస్తావేమోనని చూశాను. ఒక ఆదివారం, ఇంకో ఆదివారం. నీలం గ్లాసు కడిగి బోర్లించడం, అంతే."

"వచ్చాను కదే. ఇవాళ వచ్చాను కదా."

"ఇటేదో పనుండి."

"పనీ లేదు, పాడూ లేదు. రెండు బస్సులు మారి వచ్చాను. ఇవాళ కూడా నేను రాకపోతే ఏం చేసేదానివి?"

"నువ్వు రాసింది పారెయ్యలేదక్కా, పక్కన దాచాను. రేపు ఆ ముగ్గుర్నీ మళ్ళీ పెట్టేసుకుని, ఎర్ర అక్షరాలు వచ్చాక నీకు ఫోన్ చేద్దామనుకున్నాను."