డెవానీ పబ్బు బోర్డు

ఐర్లండు పడమటి తీరంలో వాన కాస్త తెరిపిచ్చింది. పబ్బు గుమ్మం ముందు నిచ్చెన మీద పెయింటరు, కింద ముసలి యజమానురాలు ఉన్నారు.

"‘డెవానీ అండ్ సన్స్’. పాత అక్షరాల మీదే రంగేసెయ్యనా, అమ్మా?"

"వద్దు. ‘సన్స్’ గీకేసి ‘డాటర్స్’ అని రాయి."

"అదేంటి! కొడుకులు ఊరుకుంటారా?"

"ఏ కొడుకులు? మగపిల్లాడు పుడతాడని మా ముత్తాత ముందే రాయించేశాడు. ఆరుగురూ ఆడపిల్లలే పుట్టారు. ఆ తర్వాతా అంతే. నూటపదేళ్ళుగా ఇక్కడ బీరు పోసిందంతా ఆడవాళ్ళమే."

"మరి కొడుకులు ఏరీ అని ఎవరూ అడగలేదా?"

"అడిగితే గుర్రప్పందేలకు పోయారనేవాళ్ళం. అందరూ నమ్మేవాళ్ళు."

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకమ్మా?"

"మొన్న మా అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. వాడు చదవడం నేర్చేలోపు మార్చెయ్యాలి. లేకపోతే నిజమే అనుకుంటాడు, భడవ!"